ఐర్లండ్ తీరంలో సొంతంగా నడక – 4వ పాఠం: కిలోమీటర్లను గంటల్లోకి మార్చడం

పోయిన పాఠంలో డింగిల్ వే దారిని మ్యాపు మీద గుర్తించాం. కెర్రీ కౌంటీలోని ట్రలీ ఊళ్ళో మొదలై, డింగిల్ ద్వీపకల్పాన్ని గడియారం ముల్లు తిరిగే దిక్కులో చుట్టి, మళ్ళీ ట్రలీకే చేరే దారి అది. మొత్తం 180 కిలోమీటర్లకు కాస్త తక్కువ. దాన్ని ఎనిమిది రోజులకు సర్ది పట్టిక రాయమని ఇంటిపని ఇచ్చాను. 180ని 8తో భాగించి రోజుకు ఇరవై రెండున్నర అని రాసుకున్నవాళ్ళుంటే, ఆ కాగితం పట్టుకుని గదులు బుక్ చేయకండి. ఈ పాఠం పూర్తయ్యేదాకా ఆగండి.

గైడు వెంట ఉంటే "ఇంకెంతసేపండీ?" అని అడిగితే సరిపోతుంది. సొంతంగా నడిచేటప్పుడు ఆ జవాబు మన జేబులో ఉండాలి. మిగతావన్నీ డబ్బు కడితే అమరుతాయి. పెద్ద బ్యాగు వ్యానులో ముందే తర్వాతి ఊరికి వెళ్ళిపోతుంది. సాయంత్రం పడుకోవడానికి బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో, అంటే పొద్దుటి టిఫినుతో సహా గది అద్దెకిచ్చే ఇంట్లో, గది ఉంటుంది. దారిలో నల్ల స్తంభాల మీద పసుపు రంగు నడిచే మనిషి బొమ్మ, బాణం గుర్తు కనబడుతూనే ఉంటాయి. కానీ పొద్దున ఎన్నింటికి బయల్దేరాలో, మబ్బు కమ్మితే ఎక్కడ వెనక్కి తిరగాలో ఆ స్తంభం చెప్పదు.

కావాల్సిన సామాను పెద్దగా లేదు. ఐర్లండ్ సర్వే సంస్థ వేసిన డిస్కవరీ సిరీస్ మ్యాపుల్లో 70, 71 నంబర్ల షీట్లు, పెన్సిలు, స్కేలు, కుట్టుపనికి వాడే దారం ముక్క. దూరం యాప్‌లో కూడా వస్తుంది కదా అంటారు. వస్తుంది, వాడుకోండి కూడా. అయితే ఒక్క రోజు దారినైనా చేత్తో కొలవండి. ఎక్కడ ఎక్కుడు ఉందో, ఎక్కడ రోడ్డు వదిలి గడ్డిలోకి దిగుతామో కళ్ళకు పట్టేది అప్పుడే. కొండ మీద ఫోన్ చార్జింగు అయిపోయినా టెన్షన్ ఉండదు.

కొలిచే పద్ధతి ఇది. దారం ఒక కొసను బయల్దేరే చోట ఎడమ బొటనవేలి గోరుతో నొక్కిపట్టండి. కుడిచేత్తో దారాన్ని మ్యాపు మీది చుక్కల గీత వెంబడే, ప్రతి వంపులోనూ పరుచుకుంటూ పోండి. లామినేట్ చేసిన షీటైతే దారాన్ని కొద్దిగా తడపండి, జారకుండా అతుక్కుని పడుంటుంది. గమ్యం దగ్గర పెన్సిలుతో దారం మీద చుక్క పెట్టి, తీసి స్కేలు మీద సాగదీయకుండా పెట్టి చూడండి. ఈ మ్యాపు స్కేలు 1:50,000. అంటే రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. 40 సెంటీమీటర్లు వస్తే 20 కిలోమీటర్లు. నేల మీద ఉండే చిన్న చిన్న మలుపులు మ్యాపులో పట్టవు కాబట్టి వచ్చినదానికి ఎప్పుడూ కొంచెం కలుపుకోవాలి.

ఇప్పుడు దూరాన్ని గంటలు చేయాలి. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రమే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు: మూడు మైళ్ళకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండువేల అడుగులకు ఇంకో గంట. మీటర్లలో చెప్పుకుంటే గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఒక గంట అదనం. అంటే 10 మీటర్లు ఎక్కడానికి ఒక నిమిషం. డిస్కవరీ మ్యాపులో పక్కపక్కన ఉండే రెండు కాంటూర్ గీతలకు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) మధ్య ఎత్తు తేడా కూడా సరిగ్గా 10 మీటర్లే. దారి ఎక్కుతూ దాటే గీతల్ని లెక్కపెడితే అన్ని నిమిషాలన్నమాట. గుణకారాల బాధ లేదు, వేలితో లెక్కపెట్టుకోవచ్చు.

గంటకు 5 అన్నది మాత్రం మనకొద్దు. ఎక్కడా ఆగకుండా నడిచే గట్టివాళ్ళ లెక్క అది. మధ్యమధ్య కంచె దాటే మెట్లుంటాయి, మూసి వెళ్ళాల్సిన గేట్లుంటాయి, గొర్రెల మందలు అడ్డొస్తాయి. సముద్రం కనబడ్డ ప్రతిచోటా ఫోన్ బయటికి తీస్తాం. అందుకని రోడ్లు, బండిబాటల మీద గంటకు 4 వేయండి. పీట్ నేల మీద 3. పైకి గడ్డిలాగే కనిపించి కాలు పెడితే చీలమండ దాకా దిగబడే నేల అది. వానాకాలమని లేదు, జూన్‌లోనూ అంతే. దిగుడుకు ఎరిక్ లాంగ్‌మ్యూర్ తర్వాత చేసిన సవరణ ఒకటుంది: మెల్లగా వాలే దిగుడైతే 300 మీటర్లకు 10 నిమిషాలు తీసేయాలి, బాగా నిటారైతే 10 నిమిషాలు కలపాలి. తీసేయడం నేను మానేశాను. మోకాళ్ళు ఉన్నవాళ్ళెవరూ ఆ 10 నిమిషాలు మిగుల్చుకోలేరు.

ఇక దారిలోకెళ్దాం. ఎనిమిది రోజుల్లో అందరూ భయపడేది ఆరో రోజు, ఫియోహనా నుంచి క్లొహేన్‌కు. దూరం సుమారు 20 కిలోమీటర్లు, ముందురోజు ఎక్కడ పడుకున్నారన్నదాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. దారి బ్రాండన్ కొండ శిఖరానికి పోదు. ఆ శిఖరం 952 మీటర్లు. మనం దాటేది దానికి ఉత్తరాన మస్ అన్ టింపాన్ పక్కనున్న కనుమను, సుమారు 650 మీటర్ల ఎత్తులో. బయల్దేరేది దాదాపు సముద్రమట్టం నుంచి. తిరుమలకు అలిపిరి మెట్ల మీదుగా నడిచినవాళ్ళకు ఈ ఎత్తు ఇంచుమించు తెలిసిందే. తేడా ఏమిటంటే ఇక్కడ మెట్లూ లేవు, పైన కప్పూ లేదు, మజ్జిగ అమ్మేవాళ్ళూ లేరు.

లెక్క వేద్దాం. కొండ మీది పీట్ నేల ఆరు కిలోమీటర్లనుకుంటే గంటకు 3 చొప్పున 2 గంటలు. మిగతా 14 కిలోమీటర్లకు గంటకు 4 చొప్పున మూడున్నర గంటలు. ఎక్కుడు 65 గీతలు, అంటే 65 నిమిషాలు. అవతలి వైపు మొదటి దిగుడు బాగా నిటారు, దానికి 20 నిమిషాలు కలుపుదాం. మొత్తం 7 గంటలకు ఐదు నిమిషాలు తక్కువ. ఇందులో భోజనం లేదు, కూర్చోవడం లేదు. గంటకు 10 నిమిషాల చొప్పున కలిపితే 8 గంటలు దాటుతుంది.

మర్నాడు క్లొహేన్ నుంచి క్యాసిల్‌గ్రెగరీకి దాదాపు 28 కిలోమీటర్లు. పట్టికలో చూడగానే గుండె గుభేలుమనేది ఈ అంకెకే. కానీ చాలా భాగం మహరీస్ ఇసుక తీరం, ఎక్కుడన్నదే లేదు. 28ని 4తో భాగిస్తే 7 గంటలు. ముందురోజుకీ దీనికీ ఐదు నిమిషాలే తేడా! ఎనిమిది కిలోమీటర్ల తేడా ఏమైపోయిందో చూశారుగా. ఒక్క షరతు: అది తడిసి గట్టిపడ్డ ఇసుక మీద నడిచే లెక్క. సముద్రం పోటు మీదుంటే పైనున్న పొడి ఇసుకలో నడవాలి, వేగం 3కి పడిపోతుంది. పోటుపాట్ల వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. ముందురోజు సాయంత్రం ఇంటివాళ్ళను అడిగి, నీళ్ళు వెనక్కి తగ్గుతున్న వేళకు తీరం మీదికి చేరేలా బయల్దేరండి.

గంటలు తేలాక వెనక్కి తిరిగే వేళ రాసుకోవాలి. బ్రాండన్ రోజున పొద్దున 9కి కదిలితే సాయంత్రం 5 దాటాక చేరతారు. జూన్‌లో అక్కడ రాత్రి పది దాకా వెలుతురుంటుంది, దిగుల్లేదు. సెప్టెంబరు చివర ఏడున్నరకల్లా పొద్దుగూకుతుంది, చేతిలో మిగిలేది రెండు గంటలే. కాబట్టి పట్టికలో ఆ రోజు ఎదురుగా ఇలా రాయండి: కనుమ మీదికి ఫలానా గంటకు చేరకపోతే వచ్చిన దారినే దిగిపోవాలి. నేనైతే సెప్టెంబరులో ఒంటిగంట అని రాస్తాను.

పొగమంచు సంగతి వేరు. అట్లాంటిక్ నుంచి వచ్చే తడిగాలి మొదట తగిలేది ఈ కొండకే, శిఖరం మబ్బులో లేని రోజులు తక్కువ. ఒక స్తంభం దగ్గర నిలబడితే తర్వాతి స్తంభం కనబడని స్థితి వస్తే ముందుకు పోకూడదు. మెట్ ఏరన్ వాతావరణ సంస్థ గాలికి ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చిన రోజు అసలు ఎక్కకూడదు. అలాంటి రోజుకు టాక్సీ ఉంది. డింగిల్ మీదుగా కానర్ పాస్ రోడ్డెక్కి క్లొహేన్‌లో దింపుతారు. బస చేసిన ఇంటివాళ్ళకు చెప్తే వాళ్ళే పిలుస్తారు. ఇందులో నామోషీ ఏమీ లేదు, ఖర్చుల జాబితాలో ఈ టాక్సీకి ముందే డబ్బు వేసుకోండి. ప్రమాదం జరిగితే 112. కొండ మీదైతే మౌంటెన్ రెస్క్యూ, తీరం కొండచరియల దగ్గరైతే కోస్ట్ గార్డ్ అని అడగాలి.

పట్టికలో ఊరి పేరు పక్కన ఐరిష్ పేరు కూడా రాసుకోండి. ద్వీపకల్పం పడమటి సగంలో బోర్డులు ఐరిష్ భాషలోనే ఉంటాయి.

ఈ వారం ఇంటిపని రెండు భాగాలు. ఒకటి: నడకకు తీసుకెళ్ళే చిన్న బ్యాగులో నిజంగా మోయబోయే బరువు పెట్టుకుని, మీ ఊళ్ళో ఏదైనా గుట్ట దారిలో ఐదు కిలోమీటర్లు నడిచి, గడియారం చూసి, మీ సొంత వేగం కనుక్కోండి. నా 4, 3 అంకెల స్థానంలో ఇకనుంచి మీవే వాడాలి. రెండు: అన్నస్కాల్ నుంచి డింగిల్ దాకా దారం పరిచి, ఎక్కుతూ దాటే గీతలు లెక్కపెట్టి, గంటలు రాయండి. దారి మినార్డ్ కోట పక్కగా సముద్రం దాకా దిగి మళ్ళీ పైకెక్కుతుంది, ఆ గీతలు వదిలేయకండి.

5వ పాఠంలో బూట్లు, వానకోటు, చిన్న బ్యాగులో ఏముండాలి అన్నది చూద్దాం. బూట్లు ఇప్పుడే కొనేయకండి.