ఐదొందల ప్రతులు అమ్మడం ఎలా: సొంతంగా పుస్తకం వేసుకునే రచయితలకు

తెలుగులో సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునేవాళ్లు ఎక్కువగా అచ్చు వేయించేది ఐదొందల ప్రతులు. ఆ పుస్తకం ప్రెస్సుకు వెళ్లకముందే, దాన్ని కొంటారని మీరు నమ్మే రెండొందల మంది పేర్లూ ఫోన్ నంబర్లూ మీ దగ్గర రాసి ఉండాలి. ప్రచారానికి పునాది ఇదే. ఆవిష్కరణ సభ, పత్రికల్లో సమీక్ష, ఫేస్‌బుక్ పోస్టులు, బుక్ ఫెయిర్, ఇవన్నీ ఆ జాబితాను పెంచడానికి పనికొస్తాయి. జాబితానే లేకపోతే సభలో చప్పట్లు మోగుతాయి కానీ ఇంట్లో పుస్తకాల పెట్టెలు కదలవు.

ఈ వివరాలన్నీ ఒక కథల సంపుటిని దృష్టిలో పెట్టుకుని ఇస్తున్నాం. కవిత్వానికీ నవలకూ కూడా లెక్కల్లో పెద్ద తేడా ఉండదు.

జాబితా

మన పత్రికల్లో కథ చివర రచయిత ఫోన్ నంబరు వేస్తారు. కథ వచ్చిన రోజు ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు వస్తాయి, వాట్సాప్‌లో నాలుగు మాటలు రాసేవాళ్లూ ఉంటారు. చాలామంది రచయితలు ధన్యవాదాలు చెప్పి వదిలేస్తారు. మీ పుస్తకాన్ని డబ్బిచ్చి కొనే మొదటి మనుషులు వీళ్లే. ప్రతి నంబరునూ పేరు, ఊరు, ఏ కథకు ఫోన్ చేశారో రాసి భద్రపరచండి. పుస్తకం వచ్చినప్పుడు "మీరు ఫలానా కథ చదివి ఫోన్ చేశారు, ఆ కథ ఇందులో ఉంది" అని రాస్తే, ఊరికే అట్ట బొమ్మ పంపినదానికంటే ఎంతో మంచి స్పందన వస్తుంది.

తర్వాత పాత సహాధ్యాయులు, ఉద్యోగంలో తోటివాళ్లు, కథల్లో కనిపించే ఊరివాళ్లు, ఆ వృత్తివాళ్లు. చేనేత మీద కథలుంటే చేనేత కుటుంబాల నుంచి వచ్చి ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్లు శ్రద్ధగా కొంటారు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది వరకు పడతారు. అయితే మీ నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. రెండొందల మందికి పంపాను, పది మందే పలికారు అనుకునేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే. అందుకే ముందు ఒక్కొక్కరికీ విడిగా పలకరింపు రాసి, నంబరు సేవ్ చేసుకోమని అడగండి. అడగకుండా గ్రూపులో చేరిస్తే సగం మంది బయటికి వెళ్లిపోతారు, తర్వాత మీ సందేశాలు తెరవరు.

వెల ఎలా పెట్టాలి

డెమీ 1/8 సైజులో (దాదాపు 5.5 × 8.5 అంగుళాలు) 224 పేజీల పుస్తకం, ఐదొందల ప్రతులు, ప్రతికి ₹90 ఖర్చయిందనుకుందాం. ప్రెస్సును బట్టి, కాగితాన్ని బట్టి ఇది మారుతుంది. మొత్తం పెట్టుబడి ₹45,000. వెల ₹200 పెట్టారు.

మీరే పోస్టులో పంపితే పోస్టేజీకీ కవరుకూ కలిపి ₹30 పోగా ₹170 మిగులుతుంది. పుస్తకాల షాపు 40 శాతం కమీషన్ తీసుకుంటే ₹120. పంపిణీదారు 50 శాతం తీసుకుంటే ₹100. అంటే నేరుగా అమ్మితే 265 ప్రతులకు పెట్టుబడి వెనక్కి వస్తుంది. షాపుల ద్వారా అయితే 375 అమ్ముడవాలి. పంపిణీదారు ఒక్కరికే అప్పగిస్తే 450 అమ్మాలి, అంటే దాదాపు మొత్తం. ఈ మూడు అంకెలూ మీ పుస్తకానికి మీరు వేసుకోండి. వేసుకున్నాక నేరుగా అమ్మే జాబితా మీద ఎందుకు ఇంత పట్టుబడుతున్నామో తెలుస్తుంది.

₹185, ₹215 లాంటి వెలలు వద్దు. సభలో, స్టాల్లో చిల్లర దగ్గర అమ్మకం ఆగుతుంది.

ఉచిత ప్రతుల సంఖ్య కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి. నలభై చాలు: సమీక్షలకు పదహారు, చట్ట ప్రకారం గ్రంథాలయాలకు నాలుగు, ముందుమాట రాసినవాళ్లకూ అట్ట వేసినవాళ్లకూ ప్రూఫులు దిద్దినవాళ్లకూ పది, మిగతా పది మీ ఇష్టం. నలభై దాటాక ఎవరడిగినా "ఇచ్చే ప్రతులు అయిపోయాయి, కొనుక్కుంటే సంతోషిస్తాను" అని మర్యాదగా చెప్పొచ్చు. సాటి రచయితలకు పుస్తకం ఊరికే ఇవ్వడం మన దగ్గర పాత అలవాటు. కానీ అరవై మందికి పంచితే, ₹200 పెట్టి కొనే అవకాశం ఎక్కువున్న అరవై మందినే వదులుకున్నట్టు.

అచ్చుకు ముందే సరిచూసుకోవాల్సినవి

ఐఎస్‌బీఎన్‌ను (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ప్రెస్సుకు ఇచ్చే వారం గుర్తొస్తే ఆలస్యమవుతుంది, రెండు నెలల ముందు పెట్టండి. ఈ నంబరు లేకపోతే ఆన్‌లైన్ దుకాణాల్లో చేర్చడం, గ్రంథాలయాలకు అమ్మడం రెండూ కష్టమవుతాయి.

"ప్రతులకు" అని వేసే చోట పేర్లు చాలా జాగ్రత్తగా రాయాలి. "అన్ని ప్రముఖ పుస్తక కేంద్రాలు" అని వేసి ఎక్కడా ప్రతులు పెట్టకపోవడం తరచూ కనిపిస్తుంది. పాఠకుడు ఒకసారి షాపుకు వెళ్లి లేదనిపించుకుంటే మళ్లీ వెళ్లడు. మీరు తప్పకుండా ఎత్తే ఫోన్ నంబరు, నిజంగా ప్రతులుండే ఒకటి రెండు షాపులు, యూపీఐ క్యూఆర్ ఉంటే చాలు.

డీటీపీ (కంప్యూటర్లో పేజీల కూర్పు) 'అను' అనే పాత తరహా ఫాంట్లలో చేస్తే ఆ ఫైలులోంచి ఒక పేరా తీసి ఫేస్‌బుక్‌లో పెట్టలేరు, అక్షరాలు చెదిరిపోతాయి. మీ దగ్గర దిద్దిన పాఠం, ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో విడిగా ఉండాలి. ప్రూఫుల్లో మారిన ప్రతి మాటా ఆ ఫైలులోనూ మార్చండి, ప్రచారం మొత్తానికి అదే ఆధారం.

కాగితం ఎంపిక పోస్టేజీని నిర్ణయిస్తుంది. 2025 మేలో తపాలా శాఖ పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. 300 గ్రాముల లోపు ₹20తో మొదలై ఐదు కిలోలకు ₹100 వరకు ఉంటుంది, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది. పైన చెప్పిన 224 పేజీల పుస్తకం 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం మీద దాదాపు 255 గ్రాములు తూగుతుంది, ప్యాకింగుతో 285. అదే 80 జీఎస్‌ఎం అయితే పుస్తకమే 290, కవరు వేయగానే 300 దాటి పై శ్లాబులో పడుతుంది. పేజీలు ఖరారు కాగానే ఖాళీ డమ్మీ ఒకటి కట్టించి తూకం వేయించండి. మీ పుస్తకం ఆ సేవకు అర్హమో కాదో, కవరు మీద ఏం రాయాలో పోస్టాఫీసు కౌంటర్లో ముందే అడగండి. ఆ సేవలో పంపాలంటే పుస్తకంలో ప్రెస్సు పేరు లేదా ప్రచురణకర్త పేరు తప్పక ఉండాలి.

వెనక అట్ట మీద పెద్దల పొగడ్తలకంటే కథలోంచి ఆరేడు వాక్యాలు మేలు. షాపులో నిలబడి తిరగేసే మనిషికి మీ వాక్యం ఎలా ఉంటుందో అక్కడే తెలియాలి.

ముందస్తు ఆర్డర్లు

ప్రెస్సు తేదీ ఖాయమయ్యాకే మొదలుపెట్టండి. మూడు వారాలు చాలు. వెల తగ్గించే బదులు పోస్టేజీ మీరు భరించండి. వెల తగ్గిస్తే తర్వాత పూర్తి వెలకు అమ్మడానికి మీకే మొహమాటంగా ఉంటుంది. ప్రెస్సు చెప్పిన తేదీకి పది రోజులు కలిపి పాఠకులకు చెప్పండి, బైండింగు దగ్గర ఆలస్యం మామూలే.

ఇక్కడ ఎక్కువగా తప్పేది డబ్బు ఎవరిదో పోల్చుకోవడం. పుస్తకం కావాలన్నది కూతురు, యూపీఐలో పేరు తండ్రిది. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. లావాదేవీ సంఖ్య చివరి నాలుగు అంకెలు అడిగి పేరు పక్కన రాసుకోండి. వాట్సాప్ బిజినెస్ వాడితే "చిరునామా రావాలి", "డబ్బు వచ్చింది", "పంపాను" అని లేబుళ్లు పెట్టుకోవచ్చు. చిరునామాలో పిన్‌కోడ్, ఫోన్ నంబరు లేనిదే కవరు అంటించొద్దు. బెంగళూరు, చెన్నై, ముంబై చిరునామాలు ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి.

పుస్తకాన్ని ముందు పల్చటి పాలిథిన్ కవర్లో పెట్టి, ఆపైన మందపాటి బ్రౌన్ కవరు వేయండి. వానాకాలంలో ఈ లోపలి కవరే పుస్తకాన్ని కాపాడుతుంది. కవరు వదులుగా ఉంటే పుస్తకం లోపల కదిలి మూలలు నలుగుతాయి, అంచులు మడిచి బిగించండి. పంపిన రోజే ట్రాకింగ్ నంబరు ఇవ్వండి. అందిన రెండు వారాలకు ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఏ కథ దగ్గర ఆగారు?" సమీక్ష రాయమంటే చాలామంది జంకుతారు. ఈ ప్రశ్నకు మాత్రం జవాబిస్తారు. వాళ్ల అనుమతితో ఆ జవాబును పంచుకుంటే, తర్వాతి పాఠకుడు మీ మాటకంటే ఆ మాటనే ఎక్కువ నమ్ముతాడు.

ఆవిష్కరణ సభ

హైదరాబాద్‌లో రవీంద్రభారతి, త్యాగరాయ గానసభ, సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల సభలు జరుగుతూనే ఉంటాయి. హాలు అద్దె, బ్యానరు, శాలువాలు, టీ ఖర్చు కలిపి ముందు లెక్కేయండి. అది ప్రతికి ₹20 దాటుతుంటే చిన్న హాలుకు మారండి, లేదా మీ ఊరి గ్రంథాలయంలో పెట్టుకోండి.

ఎనిమిది మంది వక్తలుంటే సభ రెండున్నర గంటలు సాగుతుంది, పుస్తకం కొనాల్సినవాళ్లు బస్సు కోసం లేచిపోతారు. వక్తలు ముగ్గురు, ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఒకరు మీ కథలోంచి రెండు పేజీలు చదవాలి. గంటంపావులో ముగించండి. అమ్మకం బల్ల ద్వారం పక్కనే ఉండాలి, సభకు అరగంట ముందు నుంచీ అక్కడ ఇద్దరు కూర్చోవాలి. మీరు కాదు, మీరు సంతకాలు చేయాలి. ఏ4 సైజులో క్యూఆర్, వంద రూపాయల నోట్లు, కొన్నవాళ్లు ఇష్టమైతే పేరూ నంబరూ రాసే పుస్తకం. సభ ముగిసేసరికి ఆ పుస్తకంలో కొత్త పేర్లు ముప్ఫై చేరితే సభ ఖర్చు వృథా పోలేదని అర్థం.

సమీక్షలు

పత్రికలు సాధారణంగా రెండు ప్రతులు అడుగుతాయి. ఆదివారం అనుబంధాలు, సాహిత్య పేజీలు, వెబ్ పత్రికల్లో ఏవి కథల పుస్తకాల గురించి రాస్తున్నాయో రెండు నెలలు చూసి ఎనిమిదింటిని ఎంచుకోండి. ప్రతులతో పాటు ఒక కాగితం పెట్టండి: పేరు, పేజీలు, వెల, ప్రతులకు ఫోన్, పుస్తకం గురించి ఐదు వాక్యాలు. అట్ట బొమ్మ మెయిల్‌లో పంపండి. వారం వారం ఫోన్ చేస్తే విసుగు పుడుతుంది, నెలకోసారి చాలు. సమీక్ష పడిన రోజు కోసం కనీసం యాభై ప్రతులు అందుబాటులో ఉంచుకోండి. ఆ రోజు ఫోన్ చేసినవాళ్లకు సాయంత్రంలోగా క్యూఆర్ పంపకపోతే ఉత్సాహం చల్లారిపోతుంది.

బుక్ ఫెయిర్, షాపులు, ఆన్‌లైన్

హైదరాబాద్ బుక్ ఫెయిర్ సాధారణంగా డిసెంబరులో, విజయవాడ పుస్తక మహోత్సవం కొత్త సంవత్సరం మొదట్లో జరుగుతాయి. పుస్తకం నవంబరు చివరికల్లా చేతికొస్తే రెండూ అందుతాయి. ఫిబ్రవరిలో వస్తే వాటికోసం పది నెలలు ఆగాలి. ఒక్క పుస్తకానికి సొంత స్టాల్ గిట్టదు. నలుగురైదుగురు రచయితలు కలిసి తీసుకోండి, లేదా ఏదైనా ప్రచురణ సంస్థ స్టాల్లో కమీషన్ మీద పెట్టండి. ఫెయిర్‌లో పది శాతం తగ్గింపు పాఠకులు ఆశిస్తారు, లెక్కలో ముందే కలుపుకోండి.

ఆన్‌లైన్ దుకాణంలో పుస్తకం పేరును తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఇవ్వండి, వెతికేవాళ్లలో ఎక్కువమంది రెండో రకంగానే టైపు చేస్తారు. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. పుస్తకాలు మాత్రమే అమ్మేవాళ్లు జీఎస్టీ నంబరు లేకుండానే అమెజాన్‌లో ఖాతా తెరవొచ్చు. వాళ్ల రుసుములు, రవాణా, వాపసులు పోగా ఎంత మిగులుతుందో చూసుకున్నాకే వెల నిర్ణయించండి. ఫేస్‌బుక్‌లో డబ్బు పెట్టి ప్రకటన ఇవ్వడం అన్నిటికంటే చివరి పని. ముందు ₹500తో ఒక్క పోస్టు ప్రయత్నించండి, మూడు ప్రతులైనా అమ్ముడవకపోతే ఆపేయండి.

అమెరికాకు ఒక్కో ప్రతి పంపితే పోస్టేజీ వెలను మించుతుంది. ఊరికి ఒకరిని అడిగి, ఇక్కడికి వచ్చి వెళ్లేవాళ్లతో పది పదిహేను ప్రతులు పంపడమే నడిచే దారి.

1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో ఒక్కో ప్రతి కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమెరా, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకూ పంపాలి. ప్రజా గ్రంథాలయాల కొనుగోలు ప్రకటనలు ఎప్పుడు వస్తాయో చెప్పలేం కాబట్టి, అందుకోసం ఒక పెట్టె విప్పకుండా ఉంచండి.

షాపులకు ఒకేసారి యాభై ఇవ్వకండి. పది ఇచ్చి, ఎన్ని ఇచ్చారో తేదీతో సంతకం చేయించుకున్న చలానా దగ్గర పెట్టుకోండి. మూడు నెలలకోసారి స్వయంగా వెళ్లి మిగిలినవి లెక్కపెట్టి, అమ్మిన వాటికి డబ్బు తీసుకుని, మళ్లీ పది ఇవ్వండి. చలానా లేకపోతే ఏడాది తర్వాత ఎవరి లెక్క ఎవరికీ కలవదు. రెండుసార్లు వెళ్లినా ఒక్కటీ కదలకపోతే ఆ పదినీ వెనక్కి తెచ్చుకుని, ఆర్డర్లు వస్తున్న వేరే ఊరి షాపుకు పంపండి.