ఫ్రాన్స్ పల్లెలో పాత ఇల్లు కొంటున్నారా? ముందు సెప్టిక్ ట్యాంక్ సంగతి అడగండి

దొర్దోన్, క్రూజ్ లాంటి ఫ్రాన్స్ పల్లె ప్రాంతాల్లో వందేళ్లు దాటిన రాతి రైతు ఇళ్లు అమ్మకానికి కనిపిస్తుంటాయి. ఓక్ దూలాలు, గోడంత పొయ్యి చూసి ఎవరైనా మురిసిపోతారు. అక్కడ స్థిరపడిన మనవాళ్లు అలాంటిది కొనాలనుకుంటే, ముందు అడగాల్సింది మురుగునీరు ఎటు పోతోందని.

ఊరికి దూరంగా ఉన్న ఇళ్లకు డ్రైనేజీ లైను సాధారణంగా ఉండదు, సొంత సెప్టిక్ ట్యాంకే దిక్కు. దాన్ని స్పాంక్ అనే స్థానిక ప్రభుత్వ విభాగం తనిఖీ చేస్తుంది. అమ్మేవాళ్లు 3 ఏళ్లు దాటని రిపోర్టు ఇవ్వాలి. అందులో ట్యాంకు నిబంధనల ప్రకారం లేదని రాసి ఉంటే, కొన్న ఏడాదిలోపు బాగుచేయించాల్సింది కొత్త యజమానే. అది వేల యూరోల పని! అందుకే రిపోర్టు చూశాకే బేరమాడండి, ఆ ఖర్చు ధరలో తగ్గించమని నిర్మొహమాటంగా అడగండి. తొలి ఒప్పందం మీద సంతకం పెట్టాక కూడా 10 రోజుల్లోపు కారణం చెప్పకుండా వెనక్కి తగ్గొచ్చు. ఆ గడువు దాటితే టెన్షనే.

గోడలు కూడా తట్టి చూడండి. సున్నంతో కట్టిన పాత రాతి గోడకు సిమెంట్ పూస్తే తేమ లోపలే ఉండిపోతుంది. నన్నడిగితే, సిమెంట్‌తో ముస్తాబు చేసిన ఇంటికన్నా పెచ్చులూడిన సున్నపు గోడే నయం.

నోటరీ దగ్గర పన్నులతో కలిపి ధరలో సుమారు 7 నుంచి 8 శాతం అదనంగా అవుతుంది, అదీ లెక్కలో వేసుకోండి.