పికప్ బండి వైరింగ్ మనమే చేసుకుందాం - 4వ పాఠం: కాలిపోయిన హెడ్‌లైట్ కప్లర్

పోయిన పాఠంలో మల్టీమీటర్ పట్టుకోవడం నేర్చుకున్నాం. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.6 వోల్టుల దరిదాపుల్లో, ఇంజన్ నడుస్తుంటే 14 దరిదాపుల్లో మీకు వచ్చి ఉంటే ఇవాళ్టి పనికి మీరు సిద్ధం. ఇప్పటిదాకా కొలవడమే చేశాం. ఇవాళ మొదటిసారి వైరు కత్తిరిస్తాం.

మా బాబాయి పికప్ మీదే ఈ పని నేర్చుకున్నాను కాబట్టి ఆ బండి సంగతే చెబుతాను. గుర్రంకొండ వైపు పల్లెల నుంచి మదనపల్లె మార్కెట్‌కి టమోటా తోలతాడు. రాత్రిపూట ప్రయాణం. ఒకరోజు ఎడమ హెడ్‌లైట్ ఆరిపోయింది. దిగి లైటు మీద చేత్తో కొడితే వెలిగింది. రెండు రోజుల తర్వాత మళ్ళీ ఆరింది, ఈసారి కాలిన వాసన కూడా వచ్చింది. బానెట్ ఎత్తి, బల్బు వెనకున్న రబ్బరు టోపీ తీసి కప్లర్ (బల్బు వెనక రేకులకి గుచ్చే వైర్ల ప్లగ్గు) లాగితే సగం చేతికి వచ్చింది, సగం బల్బుకే అతుక్కుపోయింది. మూడు గూళ్ళలో ఒకటి కరిగి గోధుమ రంగుకు తిరిగింది. లోపలి పిన్ను నీలంగా మారింది. అంతకు నాలుగు నెలల ముందే ఒక షాపులో అదే కప్లర్ కొత్తది వేయించాడు. వాళ్ళు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి పంపారు. కప్లర్ ఎందుకు కాలిందో ఎవరూ చూడలేదు.

మీరు మాత్రం ముందు అదే చూడాలి. కారణం తెలియకుండా కొత్త కప్లర్ వేస్తే అదీ కాలుతుంది.

ఆ బండిలో ఉన్నది హెచ్4 బల్బు. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు, వెనక మూడు రేకులు. ఒకటి డిమ్‌కి, ఒకటి బ్రైట్‌కి, ఇంకొకటి రెండింటికీ ఉమ్మడి. దీని మామూలు సైజు 60/55 వాట్లు. 60 వాట్లను 12తో భాగిస్తే 5 ఆంపియర్లు. ఈ కరెంటు పిన్నుకీ రేకుకీ మధ్య గట్టిగా ఆనుకున్న చోటు గుండా పోవాలి. పట్టు వదులైతే అక్కడ అడ్డు పెరుగుతుంది. ఆ అడ్డు 0.2 ఓమ్ ఉందనుకోండి. 5 ఆంపియర్ల దగ్గర అక్కడే ఒక వోల్టు పోతుంది, 5 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది. అంటే దానిలో ఐదో వంతు వేడి, గోరంత చోట, రాత్రంతా.

బాబాయి బండిలో 100/90 వాట్ల బల్బు ఉంది. కరెంటు 8.3 ఆంపియర్లు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అదే 0.2 ఓమ్ దగ్గర ఇప్పుడు దాదాపు 14 వాట్లు. సోల్డరింగ్ ఐరన్‌లో సగానికి పైనే. ప్లాస్టిక్ కరగకుండా ఎలా ఉంటుంది?

పెద్ద బల్బు ఎందుకు వేశావంటే ‘వెలుతురు చాల్లేదు’ అన్నాడు. నిజమే, చాల్లేదు. ఫిలమెంట్ బల్బుకి వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు ముప్పై శాతం దాకా పడిపోతుంది. వదులు పిన్ను వల్ల వోల్టేజీ తగ్గింది, లైటు మసకబారింది, మసక పోవాలని పెద్ద బల్బు వేశారు, దానితో పిన్ను ఇంకా కాలింది. చాలా బండ్లలో జరిగేది ఇదే.

ఇప్పుడు కొలుద్దాం. లైటు వేసి, కప్లర్‌ని ఒక్క మిల్లీమీటరు వెనక్కి లాగండి. బల్బు రేకు మొదలు సన్నగా కనిపిస్తుంది. మీటరు డీసీ వోల్టుల మీద పెట్టండి. ఒక మొన కప్లర్ వెనక వైరు దూరే కన్నంలోంచి పిన్నుకి తగలాలి, రెండోది ఆ పిన్ను పట్టుకున్న రేకుకే తగలాలి. బల్బు గాజు దగ్గరకి చెయ్యి పోనివ్వకండి, తోలు ఊడుతుంది. మీటరు 0.1 వోల్టు లోపు చూపిస్తే పట్టు బాగుంది. 0.5 దాటితే ఆ పిన్ను పని అయిపోయింది. మూడు పిన్నులూ ఇలాగే చూడండి. తర్వాత బాగున్న రెండో వైపు కూడా కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఒక జాగ్రత్త. ఈ పాఠం మామూలు బల్బు ఉన్న బండ్లకే. ఎల్‌ఈడీ లైట్లు ఉన్న బండ్లలో ఇలా కత్తిరించకండి. ఇక పసుపు తొడుగు ఉన్న వైర్లు కనిపిస్తే అవి చాలావరకు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి జోలికి అసలు పోవద్దు.

కావలసినవి: వైర్లు బిగించి ఉన్న కొత్త హెచ్4 కప్లర్, క్రింపింగ్ ప్లయర్ (స్లీవ్‌ని వైరు మీద నొక్కి బిగించేది), వైరు తోలు తీసే స్ట్రిప్పర్, జాయింటు స్లీవ్‌లు (రెండు వైర్ల కొసలు చెరో వైపు నుంచి దూర్చే చిన్న లోహపు గొట్టాలు), లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం, గుడ్డ టేపు. కప్లర్ కొనేటప్పుడు దాని వైరు మందం చూడండి. 1.5 చదరపు మిల్లీమీటర్లు ఉండాలి, చవక రకాల్లో లోపల రాగి సన్నగా ఉండి పైన ప్లాస్టిక్ మాత్రం లావుగా ఉంటుంది. పింగాణీ కప్లర్లు కూడా దొరుకుతాయి. అవి కరగవు, మంచివే. కానీ పిన్ను వదులైతే పింగాణీలోనూ కాలుతుంది.

షాపుకి వెళ్ళేటప్పుడు ఫ్యూజ్ పోయిన పాత హెచ్4 బల్బు ఒకటి జేబులో వేసుకోండి. కొత్త కప్లర్‌లోకి దాన్ని గుచ్చి లాగి చూడండి. బొటనవేలితో గట్టిగా నొక్కితే గానీ దిగకూడదు, లాగితే బిర్రుగా రావాలి. తేలిగ్గా జారితే ఇంకొకటి అడగండి.

పని మొదలు. ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి, చాలా బండ్లకి 10 నంబర్ స్పానర్ పడుతుంది. ముందు నెగెటివే ఎందుకంటే, పాజిటివ్ విప్పుతూ స్పానర్ బాడీకి తగిలితే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. నెగెటివ్ తీశాక ఆ భయం ఉండదు. పాత కప్లర్‌ని ఫోనులో రెండు వైపుల నుంచీ ఫొటో తీయండి.

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. కొత్త కప్లర్‌కి ఉన్న వైర్ల రంగులు మీ బండి వైర్ల రంగులతో కలవవు. రంగు చూసి కలపకండి, గూడు చూసి కలపండి. పాత కప్లర్‌లో పై గూటికి వచ్చిన వైరు కొత్తదానిలో పై గూటి వైరుకే పోవాలి. ఏది బ్రైట్, ఏది ఎర్త్ అని ఊహించే పని లేదు. కొన్ని బండ్లలో ఉమ్మడి రేకుకి ఎర్త్ బదులు పాజిటివ్ వస్తుంది, స్విచ్చి ఎర్త్ వైపు ఉంటుంది. గూటికి గూడు కలిపితే ఏ బండైనా సరిపోతుంది. అందుకే మూడు వైర్లూ ఒకేసారి తెంపకండి. ఒకటి కత్తిరించి, దాన్ని అతికించి, తర్వాతే రెండోది.

కప్లర్‌కి ఐదు సెంటీమీటర్ల వెనక కత్తిరించి, తోలు తీసి రాగి చూడండి. తోమిన చెంబులా ఎర్రగా మెరవాలి. బాబాయి బండిలో మొదటి కోతలో పోగులు కాలిన అగరువత్తి పుల్లల్లా నల్లగా, వేలితో వంచితే విరిగేలా ఉన్నాయి. ఇంకో మూడు సెంటీమీటర్లు కోశాను, నలుపు తగ్గింది. మరో రెండు కోశాక మెరుపు వచ్చింది. నల్ల రాగిని ఎంత నొక్కినా పట్టు రాదు, గీకి సర్దుకోవాలని చూడకండి. వైరు పొట్టి అయితే అదే మందం ముక్క కలపండి. పచ్చగా చిలుము పట్టినా ఇదే పద్ధతి, మంచి రాగి వచ్చేదాకా కోయడమే.

మూడు జాయింట్లూ పక్కపక్కన రాకూడదు. ఒక్కోదాన్ని మూడు నాలుగు సెంటీమీటర్ల ఎడంగా వచ్చేలా వైర్లు మెట్లుగా కత్తిరించండి. అప్పుడు కట్ట ఒకచోట ఉబ్బదు, ఎప్పుడైనా తొడుగు చిరిగినా ఒకదానికొకటి తగలవు.

ముందుగా హీట్ ష్రింక్ గొట్టం వైరుకి తొడగండి. జాయింటు అయ్యాక గుర్తొస్తే దాన్ని మళ్ళీ కోయాల్సిందే. వైరు తోలు స్లీవ్‌లో సగం పొడవుకి తీయండి. పోగు ఒక్కటి కూడా తెగకూడదు. వేళ్ళతో కొద్దిగా మెలిపెట్టి స్లీవ్‌లోకి దూర్చండి, మధ్యలో ఉన్న అడ్డుకి తగిలేదాకా. ప్లయర్‌లో స్లీవ్ సైజుకి సరిపోయే పన్ను చూసి ఒక్కసారిగా, పూర్తిగా నొక్కండి. రెండో వైపూ అంతే. తర్వాత రెండు చివర్లూ పట్టుకుని గట్టిగా లాగండి. జారితే ఇప్పుడే జారనివ్వండి.

సోల్డర్ ఎందుకు వద్దంటానో చెప్పాలి, ఎందుకంటే చాలామంది మంచి మెకానిక్‌లు సోల్డరే చేస్తారు. సోల్డర్ కరిగి పోగుల వెంట లోపలికి పాకుతుంది. పాకినంత మేర వైరు కడ్డీలా బిగుసుకుంటుంది. అది ఆగిన చోట మెత్తటి వైరు మొదలవుతుంది. బండి అదురుకి సరిగ్గా ఆ గీత దగ్గర పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. రేడియోలో సోల్డర్ చక్కగా ఉంటుంది. గుంతల రోడ్డు మీద లోడు మోసే బండిలో క్రింపింగే నమ్మకం.

ఇప్పుడు గొట్టాన్ని జాయింటు మీదికి జరిపి వేడి చేయండి. హీట్ గన్ లేకపోతే లైటర్ మంటని కింద అటూ ఇటూ ఆడించండి, ఒకచోట ఆపకండి. ఆయిల్, డీజిల్ తడి ఉన్న చోట మాత్రం మంట వద్దు. గొట్టం ముడుచుకుని రెండు చివర్ల దగ్గరా జిగురు చిన్న పూసలా బయటికి వస్తే నీళ్ళు లోపలికి పోవు. పైన గుడ్డ టేపు చుట్టండి. మామూలు ప్లాస్టిక్ టేపు ఇంజన్ వేడికి జిగటగా సాగి ఊడిపోతుంది.

కొత్త బల్బు 60/55 వాట్లదే వేయండి. గాజుని వేళ్ళతో తాకకండి, తాకితే స్పిరిట్‌తో తుడవండి. రబ్బరు టోపీ మర్చిపోవద్దు. కప్లర్ నుంచి వైరు కిందికి కొంచెం వేలాడి, తర్వాత పైకి పోయేలా కట్టండి. వాన నీళ్ళు వైరు వెంట జారి ఆ వేలాడే చోట రాలిపోతాయి, కప్లర్‌లోకి రావు. బ్యాటరీకి నెగెటివ్ తీగ చివర్లో బిగించండి.

లైటు వేసి మొదట చేసిన కొలత మళ్ళీ చేయండి, మూడు పిన్నులూ 0.1 లోపే ఉండాలి. పదిహేను నిమిషాలు వెలగనిచ్చి, ఆపి, రెండు వైపుల కప్లర్లనీ ముందు దగ్గరగా చెయ్యి పెట్టి, తర్వాత వేలితో తాకి చూడండి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉండాలి. ఒకటి ఎక్కువ కాలుతుంటే నోట్‌బుక్‌లో ఆ వైపు అంకెలు తీసి చూడండి. బాబాయి బండికి కుడివైపుది కూడా 0.4 వోల్టులు చూపించింది, వారం తర్వాత దాన్నీ మార్చాం. అరవై వాట్ల బల్బుతో రోడ్డు మునుపటికంటే బాగా కనబడుతోందని ఆయనే ఫోను చేసి చెప్పాడు.

ఈ వారం అభ్యాసం: మెకానిక్ షెడ్డులో పాత వైర్ల ముక్కలు అడిగి తెచ్చుకుని పది జాయింట్లు చేయండి. ప్రతి జాయింటుకీ ఐదు లీటర్ల నీళ్ళ క్యాను వేలాడదీయండి. జారిన జాయింటుని కోసి, లోపల పోగులు ఎంతవరకు దూరాయో, ప్లయర్ ఎక్కడ నొక్కిందో చూడండి. వరుసగా పదీ నిలిచాకే బండి మీద చెయ్యి వేయండి. వచ్చే పాఠంలో రిలే మీద ఉండే 30, 85, 86, 87 అంకెలు, హెడ్‌లైట్‌కి బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగడం.