దెబ్బతిన్న మనసున్న ఇంటికి సంఘం ఎలా వెళ్లాలి

హైవే మీద యాక్సిడెంట్‌లో భర్త కళ్లముందే పోయిన మనిషి, పత్తి చేలో పురుగుల మందు తాగి పడి ఉన్న తండ్రిని ముందుగా చూసిన పిల్లవాడు, ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న ఇల్లాలు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇలాంటివాళ్లు చాలా చర్చి సంఘాల్లో ఉన్నారు. ప్రార్థనకు అందరం వెళ్తాం. ఎలా మెలగాలో తెలియక గాయాన్ని కెలికి వస్తాం.

మొదటి వారం ఇద్దరే వెళ్లండి, ఆడమనిషి దగ్గరికి ఆడవాళ్లే. అన్నం, పప్పు గిన్నె వెంట ఉండాలి. అరగంట చాలు. బైబిల్లో యోబు పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్నప్పుడు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. వాళ్ల తప్పులన్నీ మాట్లాడటం మొదలుపెట్టాకే. "అంతా దేవుని చిత్తం", "నీ విశ్వాసం తగ్గింది", "ఏడవొద్దమ్మా" అనే మాటలు ఆ ఇంట్లో అనొద్దు. ఏం జరిగిందని తవ్వి అడగొద్దు, తనంతట తాను చెప్తుంటే ఆపొద్దు. తల మీద చెయ్యి పెట్టేముందు అడగండి, ముఖ్యంగా ఒంటి మీద హింస జరిగినవాళ్లను. ఆదివారం సాక్ష్యం చెప్పమని నిలబెట్టడం మానని పుండుకు కట్టు విప్పడమే.

చావు కోరుకుని చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత బోధ చేయలేదు. తినిపించింది, నీళ్లిచ్చింది, మళ్లీ నిద్రపోనిచ్చింది, మళ్లీ లేపి తినిపించింది. మన పని కూడా అక్కడే మొదలవ్వాలి.

రాత్రి ఉలిక్కిపడి లేచి, గుండె దడతో చెమటలు పట్టడం దయ్యం కాదు. ప్రమాదం దాటిపోయినా ఒళ్లు ఇంకా కాపలా కాస్తోంది, అంతే. అప్పుడు లైటు వేసి, రెండు అరికాళ్లు చల్లటి బండల మీద ఆనించి కూర్చోవాలి. కళ్లు తెరిచే ఉంచాలి. నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి తీసుకుంటూ మనసులో "యెహోవా నా కాపరి" అనుకోవాలి. ఆరు లెక్కపెట్టేంతసేపు నోటితో మెల్లగా వదులుతూ "నాకు లేమి కలుగదు" అనుకోవాలి. ఇలా పదిసార్లు. వదిలే గాలి పొడుగైతేనే గుండె నెమ్మదిస్తుంది. కళ్లు తిరిగితే మరీ లోతుగా పీలుస్తున్నట్టు, కాస్త తగ్గించండి. దడ వచ్చాక నేర్చుకోవడం కుదరదు. పగలు రోజుకు రెండుసార్లు అలవాటు చేయించండి.

కోపం వస్తే దేవునితోనే చెప్పనివ్వండి. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది. దాన్ని కూడా బైబిల్లో ఉంచారు కదా!

నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, మనుషులకు దూరంగా ఉండటం తగ్గకపోతే సైకియాట్రీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో అడగండి. దిగులుకిచ్చే మాత్రలు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. మొదటి రోజుల్లో వికారం, తలనొప్పి ఉండొచ్చు. చాలామంది అక్కడే మానేస్తారు. కాస్త తేలికపడగానే "స్వస్థత వచ్చింది, మాత్రలు వద్దు" అని కూడికలో చెప్పించడం ఇంకా ప్రమాదం. రోగులకే వైద్యుడు కావాలన్నది యేసు మాటే. మాత్రలు తగ్గించేది డాక్టరే, అదీ మెల్లమెల్లగా. లిథియం (మనసు మరీ ఉప్పొంగడం, మరీ కుంగిపోవడం మారిమారి వచ్చే జబ్బుకిచ్చే మాత్ర) వాడేవాళ్లు నీళ్లు కూడా తాగకుండా ఉపవాసం ఉంటే రక్తంలో ఆ మందు పెరిగి విషం కావచ్చు. ప్రార్థన పేరుతో గొలుసులు వేయడమైతే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం.

అనుమానమొస్తే సూటిగా అడగండి: "అక్కా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు, లోపలి బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు. పురుగుల మందు డబ్బాలు ఆరోజే ఇంట్లోంచి తీసేయించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే 24 గంటలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. కొట్టే భర్త దగ్గరికి "క్షమించమ్మా" అని తిరిగి పంపొద్దు. క్షమించడం వేరు, మళ్లీ దెబ్బలు తినడం వేరు. మహిళా హెల్ప్‌లైన్ 181.

ఆదరణ కూడిక అయిపోయి చుట్టాలు వెళ్లాకే అసలు ఒంటరితనం. మూడో నెల, ఆరో నెల, ఏడాది తిరిగే తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ పొద్దున్నే పాల ప్యాకెట్ పట్టుకుని ఆ ఇంటికి వెళ్లి చాయ్ పెట్టి, చనిపోయినవాళ్ల పేరు మీరే ముందుగా పలకండి.