పుట్టింటికి వచ్చేసినాక పోలీసుల దగ్గర పని ఎట్టా జరిపించుకోవాలంటే

కాపరం హైదరాబాదులోనో చెన్నైలోనో, దెబ్బలు పడలేక కావలికో కందుకూరికో అమ్మోళ్లింటికి వచ్చేసినోళ్లు ముందు అడిగేది ఒకటే, కేసు పెట్టాలంటే మళ్లీ ఆడికే పోవాలా అని. అక్కర్లేదు. వేధింపులకి ఇల్లొదిలి వచ్చినామె ఎక్కడ తలదాచుకుంటే ఆడే కేసు పెట్టొచ్చని 2019లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 'మా పరిధి కాదమ్మా' అంటే జీరో ఎఫ్ఐఆర్ కట్టమనండి, అంటే పరిధి ఎవరిదైనా ముందు ఈడ రాసుకుని తర్వాత ఆ స్టేషన్‌కి పంపేది.

మా చెల్లెల్ని తీసకపోయినప్పుడు ఒక స్టేషన్లో రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి, మొగుడూ పెళ్లాలన్నాక ఇవన్నీ మామూలే, సర్దుకుపో అన్నారు. తప్పు మాది కూడా ఉంది, చేతిలో కాగితం లేకుండా పోయాం. ఫిర్యాదులో 'రోజూ కొడతాడు' అని రాస్తే బరువుండదు, 'భోగి ముందురోజు రాత్రి చార్జర్ వైరుతో కొట్టాడు, పక్కింటామె వచ్చి విడిపించింది' అని రాయాలి. రెండు కాపీలు తీసకపోయి ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగానే ఇయ్యాలి, జిరాక్సుకి కూడా డబ్బులు ఇయ్యబాకండి. వాతలు కనపడతా ఉంటే గవర్నమెంటాసుపత్రిలో చూపించుకోండి, సిగ్గుపడి బాత్రూంలో జారిపడ్డానని మాత్రం చెప్పొద్దు, ఆ ముక్కే రేపు కోర్టులో మనకి అడ్డమొస్తుంది.

కౌన్సెలింగ్ అని పిలిస్తే పోండి, రాజీ కాగితం మీద మాత్రం ఇష్టం లేకుండా సంతకం పెట్టబాకండి.

ఎఫ్ఐఆర్ తోనే ఆగిపోతే ఇంటి మీదకి రావడం ఆగదు. దానికి 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు దగ్గర ప్రొటెక్షన్ ఆర్డరు, అంటే ఆయన మీ జోలికి రాకూడదనే ఆర్డరు తెచ్చుకోవాలి, ఈ దారి ఉందని, ఈ పనిలో సాయం చేసే ప్రొటెక్షన్ ఆఫీసరు ఉంటారని, ఉచితంగా లాయర్ని ఇస్తారని చెప్పాల్సిన బాధ్యత కూడా పోలీసులదే, చెప్పకపోతే మీరే అడగండి. లాయరు కోసం 15100కి ఫోన్ చేసినా చాలు. అత్తగారింట్లో ఉండిపోయిన బంగారం, సర్టిఫికెట్లు ఇప్పించమని కూడా అదే పిటిషన్లో రాయించండి, మీకు తోడు ఉండమని స్టేషన్ ఎస్సైకి మేజిస్ట్రేటు చెప్పొచ్చు. ఉండటానికి చోటు లేకపోతే ఆడోళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ కొట్టండి, గవర్నమెంటు వాళ్ల సఖి సెంటర్లో అయిదు రోజులదాకా ఉండనిస్తారు.

ఆర్డరు మీరితే ఏడాది దాకా జైలు, లేదంటే 20 వేల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. మా చెల్లెలి ఆర్డరు కాపీని లామినేషన్ చేయించి టీవీ పక్కన పెట్టాం, ఒకరోజు దాని మొగుడు తాగొచ్చి గేటు బాదతా ఉంటే మా అమ్మ తలుపు తీయలా, ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని 112కి ఫోన్ కొట్టింది.