ప్రొపెల్లర్ షాఫ్ట్ అదురును హోస్ క్లిప్పులతో సరిచేయడం

వేగం పెరిగేకొద్దీ ఫ్లోర్ కింద అదురు పెరుగుతుంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను, అంటే గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు తిప్పుడు చేర్చే పొడవాటి ట్యూబును, కడగండి. ట్యూబుకు అంటుకుని ఎండిన బురద పెళ్ల ఒక్కటి చాలు, బ్యాలెన్స్ చెడడానికి. తర్వాత యూజే క్రాస్‌లు (షాఫ్ట్ చివర్లలో కోణంలో మడిగే యూనివర్సల్ జాయింట్లు), స్లిప్ జాయింట్ (షాఫ్ట్ పొడవు సర్దుకునేలా లోపలికీ బయటికీ జారే జాయింట్) ఊపి చూడండి. లూజుంటే అవి మార్చాకే మిగతా పని. షాఫ్ట్ విప్పాల్సి వస్తే అది బోల్టులతో బిగిసే ఫ్లాంజ్‌కీ దానికీ కలిపి పెయింట్ గుర్తు పెట్టాలి, లేకపోతే 180 డిగ్రీలు తిరిగి బిగిసి కొత్త అదురు వస్తుంది.

ఇంజిన్ ఆపి, చక్రాలకు అడ్డు పెట్టండి. పినియన్ వైపు (వెనక యాక్సిల్‌కు కలిసే చివర) ట్యూబు చుట్టూ సమదూరంలో 1 నుంచి 4 వరకు గుర్తులు వేయండి. స్టీలు హోస్ క్లిప్‌ను (రబ్బరు పైపులు బిగించే స్క్రూ పట్టీ; దాని స్క్రూ తలే ఇక్కడ బరువు) స్క్రూ తల 1 మీదకు వచ్చేలా గట్టిగా బిగించి, మిగిలిన పట్టీ తోక కత్తిరించి, అదురు వచ్చే వేగంలో ఖాళీ రోడ్డు మీద నడపండి. అలాగే 2, 3, 4. ఎక్కడ బాగా తగ్గిందో అక్కడే రెండో క్లిప్ వేయండి. దాంతో అదురు మళ్లీ పెరిగితే బరువు ఎక్కువైనట్టు. రెండు స్క్రూ తలలనూ ఆ గుర్తుకు చెరోవైపు సమంగా, కొద్దికొద్దిగా జరపండి. సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు క్లిప్ దేనికీ తగలకూడదు.

నాలుగు చోట్లా తేడా లేదా? ట్యూబు వంగిందేమో డయల్ గేజ్‌తో (చిన్న వంకరను ముల్లుతో చూపే కొలత పరికరం) చూడండి. లిఫ్ట్ కిట్ వేసి ఎత్తు పెంచిన బండిలో మాత్రం అన్నిటికంటే ముందు యూజే జాయింట్ల కోణాలు కొలవాలి. కోణాలు తప్పితే వచ్చే అదురు షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు వస్తుంది, ఏ బరువుతోనూ పోదు.