పెద్దవాళ్ల చేతికందే బెల్లు

రాత్రిపూట పెద్దవాళ్లు పిలిస్తే తలుపులేసుకుని పడుకున్నవాళ్లకి వినపడదు. ఫోనేమో అవసరానికి చేతికందదు. రెండు బటన్లున్న వైర్‌లెస్ డోర్‌బెల్ తీసుకోండి. మోగే పెట్టెని మీరు పడుకునే గదిలో ప్లగ్గుకి పెట్టండి. ఒక బటన్ వాళ్ల మంచం పక్కన. రెండోది బాత్రూంలో, నీళ్లు పడని చోట, నేలకి జానెడు ఎత్తులో అంటించండి. జారిపడ్డ మనిషి చెయ్యి స్విచ్‌బోర్డు దాకా లేవదు కదా, కిటుకంతా ఆ ఎత్తులోనే ఉంది. నెలకోసారి వాళ్లచేతే నొక్కించి చూడండి. బ్యాటరీ సంగతీ తెలుస్తుంది, "మిమ్మల్ని లేపడమెందుకులే" అనే మొహమాటమూ కాస్త తగ్గుతుంది.

కరెంటు పోతే మాత్రం ప్లగ్గు పెట్టె మోగదు. ఒంటరిగా ఉండేవాళ్లకి ఇది అసలే చాలదు, నొక్కగానే బయటివాళ్లకి కాల్ వెళ్లే అలారం మెడలో ఉండాల్సిందే.